రెండు మెడలూ బాగానే ఉన్నాయి

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, పోర్త్‌కౌల్ అనే ఊళ్లో సముద్రపు ఒడ్డు రోడ్డు మీద, డిలిస్ ప్రోసర్ కారుని వెనకనించి ఒక ఐస్‌క్రీం బండి గుద్దింది.

మరీ గట్టిగా ఏం గుద్దలేదు. రౌండ్‌అబౌట్ దగ్గర అటునుంచి కార్లు వస్తున్నాయని డిలిస్ ఆగింది. ఆగుతుందని వెనకాయన అనుకోలేదు. 'ధబ్' మని ఒక్క చప్పుడు, అంతే. డిలిస్ పాతికేళ్లకు పైగా ఆ ఊళ్లోనే బస్సు నడిపి రిటైరైన మనిషి. అన్నేళ్లలో ఆమె ఎవర్నీ గుద్దలేదు, ఆమెని గుద్దే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. అందుకని ఏం జరిగిందో అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. అద్దంలోకి చూస్తే, అద్దం నిండా పళ్లికిలించి నవ్వుతున్న కోను బొమ్మ కనిపించింది.

ఆ అదురుకి, జనాన్ని పిలవడానికి బండిలో మోగించే పాట మొదలైంది. మొదలైంది మరి ఆగలేదు.

బండిలోంచి తెల్లకోటు వేసుకున్న పెద్దాయన ఒకాయన దిగి పరుగెత్తుకొచ్చాడు. పేరు ఆల్డో ఫెరాండి. తాతలనాడు ఇటలీనించి వచ్చి ఈ ఊళ్లో ఐస్‌క్రీం అమ్ముకుని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. డెబ్బై దాటిన మనిషి, ముఖం సున్నంలా తెల్లబోయింది.

"అయ్యయ్యో! దెబ్బ తగిలిందా అమ్మా? మెడకా? నడుముకా? కదలకండి, కదలకండి!"

"కదలకపోతే దిగేదెలాగండీ?" అంటూ డిలిస్ దిగింది. మెడ అటూ ఇటూ తిప్పి చూపించింది. "నాకేం కాలేదు. వంగిపోయింది నా బంపరే. ముందా పాట ఆపండి మహానుభావా."

"ఆగట్లేదండీ. గుద్దినప్పట్నించీ అంతే."

"గుద్దింది మీరు, ఏడుస్తోంది అదా!"

ఆల్డోకి నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె మోచెయ్యి పట్టుకుని, గాజుబొమ్మని మోసుకెళ్తున్నట్టు మెల్లిగా తీసుకెళ్లి ఒడ్డునున్న గోడమీద కూచోబెట్టాడు. ఈలోగా పాట విని జనం రావడం మొదలుపెట్టారు. టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు బండి కిటికీ ముందు నిలబడి, "రెండు వెనిల్లా" అన్నాడు.

"ఇక్కడ యాక్సిడెంట్ అయిందండీ" అన్నాడు ఆల్డో.

ముసలాయన కారునీ బండినీ తలూపుకుంటూ పరీక్షగా చూశాడు. "అవును పాపం. అయితే ఒకదాంట్లో చాక్లెట్ పుల్ల కూడా గుచ్చండి."

చివరికి ఆల్డో అందరికీ ఐస్‌క్రీం ఇచ్చి, డిలిస్‌కి అన్నిటికంటే పెద్ద కోను, మీద ఎర్రటి రాస్ప్‌బెర్రీ రసం పోసి పట్టుకొచ్చాడు. ఇద్దరూ గోడమీద కూచుని, ఒక చేత్తో కోను, ఒక చేత్తో పెన్ను పట్టుకుని, ఇన్సూరెన్సు వివరాలు ఇచ్చిపుచ్చుకున్నారు. తప్పు తనదేనని ఆల్డో అడక్కుండానే ఒప్పుకున్నాడు. పోయేటప్పుడు కూడా, "నిజంగా నొప్పేం లేదు కదండీ?" అని రెండుసార్లు అడిగాడు. యాక్సిడెంట్లన్నీ ఇలా జరిగితే లోకం ఎంత బాగుణ్ణు అనుకుంటూ డిలిస్ ఇంటికెళ్లింది.

ఫోన్లు మొదలైంది ఆ తర్వాతే.

మొదటిసారి ఫోన్ మోగినప్పుడు ఆమె పెరట్లో బట్టలారేస్తోంది. ఎవరో కుర్రవాడి గొంతు. ఎంత మెత్తగా ఉందంటే, బ్రెడ్డు మీద రాసుకోవచ్చు.

"గుడ్ మార్నింగ్ మేడమ్. నా పేరు రస్సెల్. ఈమధ్య మీకొక యాక్సిడెంట్ అయిందని మాకు తెలిసింది. మీ తప్పేం లేని యాక్సిడెంట్."

"అవును బాబూ. బంపరు గురించేనా? గ్యారేజీవాళ్లు గురువారం తెమ్మన్నారు."

"బంపరు గురించి కాదు మేడమ్, మీ గురించి. మీరెలా ఉన్నారు?"

డిలిస్‌కి ముచ్చటేసింది. ఇన్సూరెన్సు కంపెనీ ఇంత మంచిదని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. "బాగానే ఉన్నాను నాయనా, అడిగినందుకు సంతోషం."

"పొద్దున్న లేవగానే ఎక్కడైనా పట్టేసినట్టుగా అనిపిస్తోందా మేడమ్? మెడ, భుజాలు, నడుము?"

"అరవైమూడేళ్లొచ్చాయి నాకు. పట్టెయ్యని చోటెక్కడుందో నువ్వే చెప్పు."

అవతల టకటకమని మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఏం చేస్తున్నావు?"

"రాసుకుంటున్నాను మేడమ్. 'ఒళ్లంతా పట్టేసింది' అని."

"ఒరే ఒరే, ఆపు! అది యాక్సిడెంటుకి కాదు, వయసుకి. ఇంతకీ నువ్వెవరు? మా ఇన్సూరెన్సు మనిషివేనా?"

"మేము రోడ్డు ప్రమాద బాధితుల విభాగం మేడమ్."

"ఎవరి విభాగం? ఏ ఆఫీసులో విభాగం?"

"మీలాంటివాళ్ల కోసం పెట్టిన విభాగం మేడమ్. మెడనొప్పికి మీకు రెండున్నర వేల పౌండ్ల దాకా రావచ్చు. మీరు చెయ్యాల్సిందల్లా…"

డిలిస్ ఫోన్ పెట్టేసి మిగతా బట్టలు ఆరేసుకుంది. అంతటితో అయిపోయిందనుకుంది. మధ్యాహ్నం మళ్లీ మోగింది. మర్నాడు స్నానం చేస్తుంటే మోగింది. ఆ మర్నాడు చాపెల్‌లో, అంటే వాళ్ల చిన్న చర్చిలో, పాటల సాధన మధ్యలో, అందరూ గొంతు తగ్గించి, ఊపిరి బిగబట్టి, ఆఖరి చరణం ముందు ఒక్క క్షణం మౌనంగా నిలబడే చోట, సరిగ్గా అక్కడ మోగింది. పాట నేర్పే పెద్దాయన చేతులు గాల్లోనే ఉంచి, ఆమె వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఎప్పుడు ఫోన్ ఎత్తినా ఒకసారి రస్సెల్, ఒకసారి మరెవరో అమ్మాయి, ఒకసారి మనిషి కూడా కాదు, రికార్డు చేసిపెట్టిన గొంతు. తన నంబరు వాళ్లకి అమ్ముకున్నదెవరో డిలిస్‌కి ఆనాడూ తెలియలేదు, ఈనాటికీ తెలియదు.

ఆమెకొక అక్క ఉంది, ఓల్వెన్. కొండమీది వీధిలో ఉంటుంది. అడిగినా అడక్కపోయినా ఊరందరికీ సలహాలిస్తుంది.

"దానికింత బాధెందుకే? చచ్చిపోయావని చెప్పు" అంది ఓల్వెన్ టీ పోస్తూ.

"చచ్చిపోయానని నేనెలా చెప్తానే?"

"నీ గొంతుతో చెప్పకు. నా గొంతుతో చెప్పు."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. డిలిస్ గొంతు బొంగురు చేసుకుని, ముక్కు ఎగబీలుస్తూ, "నేను వాళ్ల అక్కని మాట్లాడుతున్నానండీ. మా డిలిస్ పోయింది" అంది. ఓల్వెన్ మెచ్చుకోలుగా తలూపింది.

అవతల ఉన్నది రస్సెల్. "చాలా బాధగా ఉంది మేడమ్. మీ కుటుంబానికి మా సానుభూతి." గొంతు సవరించుకున్నాడు. "అడక్కూడదు గానీ… ఆమె పోవడానికీ ఆ యాక్సిడెంటుకీ ఏమైనా సంబంధం ఉందంటారా? ఎందుకంటే మేడమ్, ప్రాణం పోతే పరిహారం చాలా పెరుగుతుంది. తోబుట్టువు కాబట్టి మీకే…"

స్పీకర్లో అంతా వింటున్న ఓల్వెన్ కప్పు కింద పెట్టింది. "ఎంతొస్తుందట?"

"నోర్ముయ్యవే!" అంది డిలిస్, తన గొంతుతోనే.

మళ్లీ రెండు రోజులకి ఫోన్ వచ్చింది. "డిలిస్ గారా?" అన్నాడు రస్సెల్ అనుమానంగా. "మీరు పోయారని చెప్పారే మీ అక్కగారు!"

"సమాధిలోంచి లేచాను. ఈస్టర్ కదా."

ఆ మాటకి అతను కూడా నవ్వాడు. నిజంగానే నవ్వాడు, అది ఆమెకి వినిపించింది. కానీ నవ్వడం అయిపోయాక గొంతు తగ్గించాడు. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి మేడమ్. మీరు మంచివారు కాబట్టి చెప్తున్నాను. ఆ ఫెరాండి గారున్నారే, ఆయన మీమీద పరిహారానికి క్లెయిమ్ వేస్తున్నాడు. మీరు కావాలని ఉన్నట్టుండి బ్రేకు వేశారట. ఆయన మెడ దెబ్బతిందట. మీరు ముందు వెయ్యకపోతే, ఆయనే ముందు వేస్తాడు."

డిలిస్ ఫోన్ పెట్టేసింది.

డబ్బు సంగతి ఆమెకి పట్టలేదు. తాను కావాలని బ్రేకు వేసిందట! పాతికేళ్లు ఈ ఊరి ముసలివాళ్లని, సంచుల్ని, తోపుడు బళ్లలో పిల్లల్ని, తాగినవాళ్లని, ఒక్క కుదుపు లేకుండా ఇళ్లకి చేర్చిన తాను. ఆ అబద్ధం చెప్పింది ఎవరు? తన మోచెయ్యి పట్టుకుని గోడమీద కూచోబెట్టిన మనిషి. అంత పెద్ద కోను చేతిలో పెట్టిన మనిషి. అదీ ఆమెకి మింగుడుపడనిది. తిన్న ఐస్‌క్రీం కూడా ఇప్పుడు చేదనిపించింది.

ఆ తర్వాత ఒడ్డు రోడ్డు మీద నడిచి వెళ్లేటప్పుడు, ఐస్‌క్రీం బండి కనిపించినప్పుడల్లా ఆమె తల సముద్రం వైపు తిప్పేసుకునేది. చిత్రమేమిటంటే, ఆమె కనిపించగానే ఆల్డో కూడా కిందికి వంగి దేనికోసమో వెతుకుతున్నట్టు నటించేవాడు. ఒకసారైతే ఏకంగా కిటికీ మూసేశాడు. దొంగకి భయం ఉంటుందిలే అనుకుంది డిలిస్.

"ఆ ఐస్‌క్రీం ముసలాయన మా వీధికి రావడమే మానేశాడే. వారంవారం వచ్చేవాడు. మా వాళ్లందరూ నన్నడుగుతున్నారు, మీ చెల్లెలేమైనా చేసిందా అని" అంది ఓల్వెన్.

"నేనేం చేశానే? మెడ దెబ్బతిందట కదా మహారాజుకి! కొండెక్కలేడు కాబోలు."

మే నెల చివర్లో, సెలవురోజు, ఒడ్డంతా జనంతో నిండి ఉండగా, ఆమెకి ఓపిక నశించింది. తిన్నగా బండి దగ్గరికి వెళ్లి, బారుగా నిలబడ్డవాళ్లందర్నీ దాటుకుని, కిటికీ ముందు నిలబడింది.

"వరసలో రండమ్మా" అన్నారెవరో.

"ఐస్‌క్రీం కోసం రాలేదు" అంది డిలిస్. "ఏమండీ ఫెరాండి గారూ, మెడ ఎలా ఉంది?"

ఆల్డో చేతిలో చెంచా ఆగిపోయింది. ముఖం మళ్లీ ఆరోజులాగే తెల్లబోయింది. "నా మెడా? మీ మెడ ఎలా ఉందమ్మా?"

"నా మెడకేం? రాయిలా ఉంది! కావాలని బ్రేకేశానా నేను? నా మొహం చూసి చెప్పండి. కావాలని వేశానా?"

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"మీరేనట!"

"నేనా!" ఆల్డో చెంచా కింద పెట్టేశాడు. బండి పక్క తలుపు తెరుచుకుని మెట్టు దిగి వచ్చాడు. ఆమెని కాళ్ల దగ్గర్నించి తలదాకా చూశాడు. "కర్ర ఏది?"

"ఏ కర్ర?"

"కర్ర పట్టుకుని నడుస్తున్నారట కదా. ఎడమ చెయ్యి పైకి లేవట్లేదట కదా."

డిలిస్ ఎడమ చెయ్యి ఎత్తి అతని ముక్కు ముందు ఆడించింది. "ఎవడు చెప్పాడు మీకు?"

"రస్సెల్ అని ఒకతను. రోజూ ఫోన్ చేస్తాడు. 'ఇది మనిద్దరి మధ్యే ఉండాలి సార్' అంటాడు. మీరు నామీద పెద్ద కేసు వేస్తున్నారట. దానికి ముందే నేను మీమీద వెయ్యాలట. నేను వెయ్యనన్నానమ్మా. తప్పు నాదైతే ఎలా వేస్తాను? నేను గుద్దబట్టే కదా ఆమె అలా అయిపోయింది అని…" ఆయన ఒడ్డు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "మీరు తల అటు తిప్పుకుని వెళ్తుంటే, మెడ ఇటు తిరగడంలేదనుకున్నాను."

ఇంతసేపూ తిడదామని డిలిస్ దాచుకున్న మాటలన్నీ చెల్లాచెదురైపోయాయి. ముందు ఆమె నవ్వింది. ఆపుకోలేక బండికి ఆనుకుని మరీ నవ్వింది. ఆల్డో కాసేపు చూసి, తనూ మొదలుపెట్టాడు. బారులో నిలబడ్డవాళ్లకి విషయం సగమే అర్థమైనా, అంత నవ్వు చూసి వాళ్లూ నవ్వారు.

నవ్వు తగ్గాక ఆల్డో కోటు చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకో సంగతమ్మా. ఆరోజు తర్వాత నేను బండి నడపలేదు. పొద్దున్న మా తమ్ముడు తెచ్చి ఇక్కడ పెడతాడు, సాయంత్రం తీసుకెళ్తాడు. స్టీరింగు ముందు కూచుంటే చాలు, మీ మెడే కనిపిస్తుంది. దిగిపోతాను."

డిలిస్ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"లేని నా మెడనొప్పికి మీరు బండి నడపడం మానేశారా?" అంది నెమ్మదిగా. తర్వాత చేతి సంచీ బండిలో పెట్టి, తనూ ఎక్కి, లోపలున్న చిన్న స్టూలు మీద కూచుంది. "ఫోన్ వస్తుంది. సెలవుల్లో కూడా చేస్తారు వాళ్లు. వచ్చేదాకా ఇక్కడే కూచుంటాను. మీరు మీ పని చూసుకోండి."

ఎక్కువసేపు ఆగక్కర్లేకపోయింది. ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి, దాన్ని కోన్ల డబ్బా మీద నిలబెట్టింది. వేలు పెదవుల మీద పెట్టుకుని బారుకంతటికీ చూపించింది. అందరూ దగ్గరికి జరిగారు.

"రస్సెల్ బాబూ, నువ్వేనా? ఆ ఫెరాండి గారి సంగతి మళ్లీ ఒకసారి చెప్పు. మొన్న సరిగ్గా వినలేదు."

"తప్పకుండా మేడమ్. పాపం ఆయన పరిస్థితి ఏం బాగాలేదు. మెడకి పట్టీ వేశారు. మంచంమీంచి లేవట్లేదు."

మంచంమీంచి లేవని మనిషి ఆ సమయానికి డబ్బా అడుగున ఉన్న వెనిల్లా కోసం నడుము దాకా వంగి ఉన్నాడు. వరసలో ముందున్న లావుపాటావిడ ఇక ఆగలేక, "మంచం ఎక్కినాయన రెండు కోన్లు ఒంటిచేత్తో పట్టుకున్నాడే!" అంది.

"అక్కడెవరో ఉన్నట్టున్నారు మేడమ్?"

"టీవీలే. నువ్వు చెప్పు."

"చెప్పడానికేముంది మేడమ్, అంతా మీమీదే పెడుతున్నాడు. చాలా కోపంగా ఉన్నాడు. మీ పేరు వింటేనే మండిపడుతున్నాడు."

ఆల్డో నిటారుగా లేచి ఫోన్ మీదికి వంగాడు. "రస్సెల్ బాబూ, నేనే, ఆల్డోని. మంచంమీంచి మాట్లాడుతున్నాను."

అవతల చాలా దూరంగా, ఇంకా ఎంతోమంది గొంతులు అవే మాటలు ఎవరెవరికో చెప్తున్న రొద వినిపించింది.

"సార్… మీరూ మేడమూ… ఒకేచోట ఉన్నారా?"

"ఒకే బండిలో ఉన్నాం."

"అంటే, ఇది కొత్త యాక్సిడెంటా సార్?"

బారంతా గొల్లుమని నవ్వింది. టోపీల్లోనూ నీడ గొడుగుల కిందా ఉన్నవాళ్లంతా కడుపులు పట్టుకున్నారు. డిలిస్ మాత్రం ఈసారి నవ్వలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపింది. బస్సు వెనక సీట్లో అల్లరిచేసేవాళ్లని అద్దంలో చూస్తూ మాట్లాడే గొంతు ఒకటుంది ఆమెకి, గట్టిగా ఉండదు, కానీ ఆ గొంతు విన్నవాడెవడూ మళ్లీ అల్లరి చెయ్యలేదు. ఆ గొంతుతో మాట్లాడింది.

"విను. నేను పోయానంటే నా చావుకి కూడా లెక్క కట్టావు, నవ్వాను, స్నానంలోంచి లేపినా ఊరుకున్నాను. కానీ ఈ పెద్దాయన నీ మాట నమ్మాడు. ఒక ఆడమనిషిని కుంటిదాన్ని చేశానని నమ్మి, నిద్రపోకుండా, బండి ముట్టకుండా కూచున్నాడు. మేమిద్దరం ఈ ఊళ్లో రోజూ ఎదురుపడేవాళ్లం. ముఖాలు తిప్పుకునేలా చేశావు. రెండు మెడలూ బాగానే ఉన్నాయి. ఆ మాట రాసుకో. టకటకా కొట్టు, నేను వినాలి."

ఆ మెత్తదనమంతా పోయిన గొంతుతో, మామూలు కుర్రవాడి గొంతుతో, "వాళ్లు రాసిచ్చింది చదువుతానండీ. అంతే నా పని" అన్నాడు రస్సెల్.

"తెలుసు. అందులో లేనిది ఒకటి నువ్వే చెప్పు."

"సారీ అండీ." ఆగి, ఎవరో వింటారన్నట్టు గుసగుసగా, "సారీ సార్, మీకు కూడా" అన్నాడు. మీటల చప్పుడు వినిపించింది. ఫోన్ ఆగిపోయింది.

ఆల్డో గట్టిగా ఊపిరి వదిలి, లావుపాటావిడకి కోను అందించి, "మీకు ఊరికేనమ్మా ఇది" అన్నాడు. దాంతో వెనకున్నవాళ్లంతా తాము కూడా చాలా శ్రద్ధగా విన్నామని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

రస్సెల్ మళ్లీ ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు. మిగతావాళ్లు చేశారు, తగ్గారు గానీ మానలేదు. ఇలాంటి కంపెనీల మీద అజమాయిషీ చేసే సర్కారు ఆఫీసుకి ఓల్వెన్ ఆనందంగా మూడు పేజీల ఫిర్యాదు రాసింది. ఆ కంపెనీ మూతపడిందని, ఇక చెయ్యగలిగిందేం లేదని చాలా నెలలకి జవాబొచ్చింది. మరో పేరుతో పక్క మేడమీద తెరిచి ఉంటారని ఓల్వెన్ అనుమానం. అది వేరే సంగతి.

డిలిస్‌ ఆలోచన మాత్రం వాళ్లమీద లేదు. మర్నాడు పొద్దున్నే ఆల్డో ఇంటి ముందు నిలబడింది. వాళ్ల తమ్ముడు బండి తాళాలు తీసుకుని బయటికి రాగానే, అవి అతని చేతిలోంచి లాక్కుని ఆల్డో చేతిలో పెట్టింది.

"ఎక్కండి."

"ఇవాళ కాదమ్మా. రేపు చూద్దాం."

"రేపు నాకు చాపెల్లో పనుంది. ఎంతమంది కొత్త డ్రైవర్లకి నేర్పానో తెలుసా నేను? మొదటిరోజే గోడని గుద్దినవాళ్లున్నారు. వాళ్లిప్పుడు లండన్‌కి బస్సులు తోలుతున్నారు. ఎక్కండి."

ఆల్డో ఎక్కాడు. ఆమె పక్క సీట్లో కూచుంది. తాళం తిప్పాడు, బండి ముందుకి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనకాల పెట్టెలో కోన్లు గలగలమన్నాయి. అతని చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి.

"ఇదిగో, కనిపిస్తోందమ్మా మళ్లీ" అన్నాడు.

"ఏంటి, నా మెడేనా? అది ఎదురుగా లేదు, పక్కనుంది. ఇటు చూడు." ఆమె తెలియకుండానే నువ్వులోకి దిగిపోయింది. మెడకి చుట్టుకున్న రుమాలు విప్పి, అటూ ఇటూ తిప్పి చూపించింది. "చూశావా? బాగా చూశావా? అయితే ఇప్పుడు రోడ్డు చూడు. క్లచ్చి వదులు. పసిపిల్లని పడుకోబెట్టినట్టు వదలాలి, వేడి పెనం వదిలినట్టు కాదు."

ఈసారి బండి కదిలింది. ఒడ్డు రోడ్డు మీద మనిషి నడిచినంత మెల్లగా పోయింది. వెనక నుంచి ఎవడో హారన్ కొట్టాడు. ఆల్డో భుజాలు ముడుచుకున్నాడు. డిలిస్ కిటికీలోంచి తల బయటపెట్టి, "తొందరైతే నిన్ననే బయల్దేరాల్సింది నాయనా!" అని కేకేసింది. రౌండ్‌అబౌట్ దగ్గరికొచ్చేసరికి ఆల్డో ఎంత ముందుగా బ్రేకు వేశాడంటే, అటునుంచి వచ్చే కార్లవాళ్లు వీళ్లకోసం ఆగి, పొమ్మని చెయ్యి ఊపారు.

"చూడు, మర్యాద ఎలా వచ్చిందో" అంది డిలిస్.

కొండ మొదలయ్యే చోట ఆల్డో కళ్లు మూసి తెరిచాడు. ఏదో ఇటాలియన్‌లో గొణుక్కున్నాడు. "ప్రార్థనా?" అంటే, "కాదు, మా నాన్న తిట్టే తిట్టు" అన్నాడు. గేరు మార్చాడు. బండి మూలిగింది, వణికింది, ఎక్కింది. సగం కొండకి వచ్చేసరికి అతని భుజాలు కిందికి దిగాయి. పైకి వచ్చేసరికి ఒక చేత్తో టోపీ సర్దుకున్నాడు. డిలిస్ అది గమనించింది గానీ ఏమీ అనలేదు, రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాలని కూడా అనలేదు.

ఓల్వెన్ వీధిలో బండి ఆగీ ఆగకముందే తలుపులు తెరుచుకున్నాయి. ఇంట్లో తొడుక్కునే చెప్పుల్లోనే వచ్చినవాళ్లు, జుట్టు తడితో వచ్చినవాళ్లు, కుక్కని తాడుతో లాక్కుంటూ వచ్చినవాళ్లు. "ఇన్నాళ్లూ ఏమైపోయావయ్యా?" "ఒంట్లో బాగాలేదా?" "మా అమ్మ అయితే నీకోసం కిటికీ దగ్గర్నించి కదలడంలేదు." అందరికీ ఒకేసారి జవాబు చెప్పబోయి ఆల్డో ఎవరికీ చెప్పలేకపోయాడు. నవ్వుతూ కోను వెంట కోను నింపుతున్నాడు. సాయం చేస్తానని డిలిస్ లోపల నిలబడి రాస్ప్‌బెర్రీ రసం సీసా నొక్కితే, అది సగం కోను మీదా సగం ఆల్డో కోటు మీదా పడింది.

ఓల్వెన్ అందరికంటే ఆఖర్న వచ్చింది. కోను కోసం కాదు, వంటింట్లోని పెద్ద గాజు గిన్నె పట్టుకొచ్చింది.

"ఇందులో నింపండి" అని గిన్నె కిటికీమీద పెట్టి, లోపల చెల్లెల్నీ ఎర్రబడ్డ తెల్లకోటునీ చూసింది. "ఏమిటే ఇది? నువ్వు డ్రైవర్‌గా చేరావా, అమ్మడానికి చేరావా?"

"దేనికీ చేరలేదు. వారానికి ఒక్కరోజు, కొండెక్కే రోజు మాత్రం పక్కన కూచుంటానన్నాను. అంతే."

"నేనడగలేదండీ, తనే అంది" అన్నాడు ఆల్డో గిన్నె నింపుతూ.

"అది అలాంటిదే" అంది ఓల్వెన్. "జీతం ఏమైనా ఇస్తున్నారా?"

"వచ్చినరోజుకి ఒక పెద్ద కోను" అన్నాడు ఆల్డో.

"అయితే నన్ను కూడా పెట్టుకోండి" అని ఓల్వెన్ గిన్నెని ఇంకాస్త లోపలికి జరిపింది. "ఊఁ, ఆపకండి. అంచుదాకా రాలేదు."